లాడాలు కొట్టేవాళ్ళ సంఘం: పెట్టడం, నడపడం

బెజవాడ, గుంటూరు చుట్టూ లాడాలు కొట్టి బతికేవాళ్ళు ఒక పేటలో కలిసి ఉండరు. ఒకరు తెనాలి వైపు తిరుగుతుంటే ఇంకొకరు నందిగామ వైపు, మరొకరు మాచర్ల దారిలో. మోకు, సుత్తి, పట్టకారు, ఆకురాయి సంచీలో వేసుకొని ఎవరి బండి మీద వాళ్ళు పోయే పని ఇది. ట్రాక్టర్లు వచ్చాక అరక ఎడ్లు తగ్గిపోయాయి. మిగిలినవి బండి ఎడ్లు, బండలాగుడు పోటీలకు మేపే ఒంగోలు గిత్తలు, పెళ్ళి ఊరేగింపు గుర్రాలు. పని తగ్గినా బాధ్యత మాత్రం పెరిగింది. లక్షలు పోసి కొన్న గిత్త ఒక్క మేకు పక్కకు దిగి కుంటితే రైతు ఊరుకోడు.

ఇలాంటి చోట సంఘాన్ని అధ్యక్షుడి ఎన్నికతో, ఫ్లెక్సీతో మొదలుపెడితే రెండో ఏడాది చందా ఎవరూ కట్టరు. పనివాడికి ఒంటరిగా దొరకనివి మూడున్నాయి: సరసమైన ధరకు మంచి మేకులు, పని వచ్చునని చెప్పే కార్డు, తగువు వస్తే మధ్యలో నిలబడే పెద్దలు. సంఘం ముందు వీటిని చేతికి అందించాలి, పదవుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎవరిని చేర్చుకోవాలి

సభ్యత్వాన్ని పనిని బట్టి ఇవ్వండి, కులాన్ని బట్టి కాదు. ఈ పనిలో కొలిమి పని వంశంగా వచ్చినవాళ్ళు ఉన్నారు, తరాలుగా లాడాలు కొట్టే నాల్‌బంద్ కుటుంబాల ముస్లింలు ఉన్నారు, ఎడ్లు తోలుతూ తోలుతూ నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కులసంఘం పేరుతో పెడితే సగం మంది మొదటిరోజే బయట ఉండిపోతారు.

మూడు రకాల సభ్యత్వం సరిపోతుంది. సొంతంగా లాడాలు కొట్టేవాళ్ళు పూర్తి సభ్యులు, ఓటు వాళ్ళకే. ఎద్దును పడేసేటప్పుడు మోకు పట్టే సహాయకులు, నేర్చుకునే కుర్రాళ్ళు రెండో రకం; వీళ్ళకు చందా సగం, ఓటు లేదు, బీమా, శిక్షణ మాత్రం అందరితో సమానం. లాడాలు తయారుచేసే కమ్మరులు, మేకులు అమ్మే దుకాణదారులు మూడో రకం. వీళ్ళకు ఓటు ఇవ్వకపోవడమే మేలు. కలిసి కొనే సరుకు ధర తేల్చే సమావేశంలో అమ్మేవాడు కూడా చెయ్యెత్తితే లెక్క తేడాపడుతుంది.

దరఖాస్తు ఒక పేజీ చాలు. పేరు, ఊరు, ఫోను, ఎన్నేళ్ళుగా పని, ఎడ్లా గుర్రాలా రెండూనా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏయే ఊళ్ళు తిరుగుతారు. చివరి గడి ముఖ్యం. "మా ఊరికి వచ్చి కొట్టాడు" అనే తగాదాలు వచ్చినప్పుడు మొదట తీసేది ఆ కాగితమే. అయితే ఊళ్ళు పంచిపెట్టే పని సంఘం చేయకూడదు. ఎవరిని పిలవాలో రైతు ఇష్టం.

రిజిస్ట్రేషన్

శిక్షణ, కార్డులు, సంక్షేమం వరకే అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 సరిపోతుంది. కనీసం ఏడుగురు కావాలి. సంఘం పేరు, చిరునామా, లక్ష్యాలు, మొదటి కార్యవర్గం వివరాలతో మెమొరాండం, దానితోపాటు బైలా (సంఘం నియమావళి), సభ్యుల గుర్తింపు కాగితాలు, కార్యాలయంగా చూపే ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం. ఇవన్నీ కార్యాలయం ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పెట్టాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి వెళ్ళాయి. కాబట్టి చిరునామా ఎక్కడ అన్నది మొదటే తేల్చుకోండి. ఏటా కాగితాలు ఇవ్వాల్సింది అక్కడే. ఏటా మారని మనిషి ఇల్లు చూపండి. అద్దె గది చూపితే ఖాళీ చేసినప్పుడల్లా చిరునామా మార్పు తీర్మానం, మళ్ళీ తిరుగుడు.

సొసైటీ తన మిగులును సభ్యులకు పంచకూడదు. మేకుల కొనుగోలు అసలు ధరకు, రవాణా కలుపుకొని జరిగినంతకాలం ఇబ్బంది లేదు. అది పెరిగి దుకాణం అయ్యి, లాభం పంచుకోవాలనుకుంటే పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995 కింద వేరే సంఘం పెట్టుకోవాలి. దానికి వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది కావాలి. మొదటి రెండేళ్ళు ఆ ఆలోచన పెట్టుకోకండి. ఒక్క లెక్కల పుస్తకం సరిగా రాసేవాడు దొరకడమే కష్టం, రెండు సంఘాలకు ఇద్దరు కావాలి.

బైలా ఇంకో సంఘం దగ్గర తెచ్చి పేరు మార్చి పెట్టేస్తుంటారు. ఆ కాపీలో సాధారణంగా ఉండనివి, మీకు తప్పక కావలసినవి కొన్ని ఉన్నాయి. కార్యదర్శి, కోశాధికారి ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. పదవీకాలం రెండేళ్ళు, వరసగా రెండుసార్లకు మించకూడదు. సర్వసభ్య సమావేశానికి కోరం, అంటే కనీస హాజరు, మూడో వంతు. తిరిగే పనివాళ్ళలో సగం మందిని ఒకచోట కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. కోరం లేక వాయిదా పడితే వారం తర్వాత అదే స్థలంలో వచ్చినవాళ్ళతోనే జరపవచ్చని కూడా రాసుకోండి. కార్యవర్గంలో కృష్ణకు ఇటువాళ్ళు, అటువాళ్ళు ఇద్దరూ ఉండాలి. పార్టీ పదవిలో ఉన్నవాళ్ళు సంఘం పదవి తీసుకోకూడదు. ఈ ఒక్క మాట మీద మొదట గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. ఎన్నికల ఏడాదిలో దాని విలువ తెలుస్తుంది.

ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చాలా సంఘాలు కాగితం మీద చచ్చిపోయేది ఇక్కడే. జాబితా ఇవ్వకుండా నాలుగేళ్ళు గడిచాక బ్యాంకువాళ్ళు సంతకాలు మార్చమంటే ఎవరు కార్యదర్శో రుజువు ఉండదు.

చందా, బ్యాంకు, లెక్క

చందా చిన్నదిగా, ఆగకుండా రావాలి. ఉదాహరణకు 40 మంది నెలకు 50 రూపాయలు కడితే ఏడాదికి 24,000. ఆడిట్, కాగితాలు, సమావేశం భోజనం, మందుల పెట్టె, ఒక శిక్షణ రోజు ఇందులోనే సర్దుకోవాలి. ఏడాది చందా ఒకేసారి అడిగితే సంక్రాంతి ముందు అడగండి. అప్పుడు చేతిలో డబ్బు ఉంటుంది.

సంఘం పేరున పాన్ కార్డు తీసుకొని, రిజిస్ట్రేషన్ పత్రం, బైలా, తీర్మానం నకలుతో ఖాతా తెరవండి. ముగ్గురి పేర్లు, అందులో ఇద్దరి సంతకాలు చాలునని పెట్టండి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి. కోశాధికారి సొంత ఫోనుకు డబ్బు రావడం మొదలైతే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా, మూడో నెలకు సంఘం డబ్బు ఎంతో ఇంటి ఖర్చు ఎంతో ఆయనకే తెలియదు. చేతిలో నగదు 2,000 దాటకూడదని నియమం పెట్టి, ప్రతి సమావేశంలో లెక్కను గట్టిగా చదవండి. సభ్యులకు చేబదులు ఇవ్వొద్దు. ఒకరికి ఇస్తే రెండోవాడికి కాదనలేరు. తీసుకున్నవాడు సమావేశానికి రావడం మానేస్తాడు. డబ్బుతో పాటు మనిషీ పోతాడు.

మేకులు, లాడాలు కలిసి కొనడం

సంఘం ఉందని సభ్యుడికి నెలనెలా గుర్తుచేసేది ఇదే. ముందు ఎంత కావాలో లెక్క కట్టండి. ఎద్దు డెక్క రెండుగా చీలి ఉంటుంది, కాబట్టి కాలికి రెండు లాడాలు, నాలుగు కాళ్ళకు ఎనిమిది. లాడానికి 5 మేకుల చొప్పున 40. వంగిపోయేవి, పడిపోయేవి పదోవంతు కలిపితే 44. వారానికి మూడు జతలు, అంటే ఆరు ఎడ్లు చేసే పనివాడికి 48 లాడాలు, 264 మేకులు. నెలకు సుమారు 200 లాడాలు, 1,150 మేకులు. పాతిక మంది అలా ఉంటే నెలకు 5,000 లాడాలు, 29,000 మేకుల దాకా వస్తుంది. ఆ సంఖ్యతో వెళితే అమ్మేవాడు కూర్చోబెట్టి మాట్లాడతాడు. ముందు కాళ్ళకే కొట్టించే రైతులూ ఉంటారు కాబట్టి మొదటి ఆర్డరు లెక్కలో సగమే పెట్టండి, మిగిలిపోయిన మేకు తుప్పు పడుతుంది.

సరుకు వచ్చిన రోజే పరీక్షించాలి. పెట్టెకు పది మేకులు తీసి, ఒక్కోదాన్ని పట్టకారుతో నిలువు వంపు వంచి మళ్ళీ చక్కచేయండి. విరిగితే పెళుసు, అది డెక్కలోనే విరిగి ముక్క లోపల ఉండిపోతుంది. వేలితో నొక్కితేనే వంగిపోయేది మరీ మెత్తన, డెక్క గోడలోకి దిగకుండా ముడుచుకుంటుంది. పదిలో రెండు పోతే పెట్టె వాపసు. ఈ షరతు ఆర్డరు కాగితం మీదే ఉండాలి. లాడాలకైతే రంధ్రాలు చూడండి. మేకు తల సగం లోపలికి కూర్చోవాలి. పైకి తేలితే రోడ్డుకు రెండు రోజుల్లో అరిగి ఊడుతుంది. మందం తేడాగా ఉన్న జతలు కలిపి వస్తే ఎద్దు డెక్కలో ఒక వేలిమీదే, అంటే ఒక చీలిక మీదే, బరువు పెడుతుంది.

చెక్క పనికి వాడే గుండ్రటి మేకులు చవకని తెచ్చి వాడేవాళ్ళు ఉన్నారు. సంఘం కార్డు ఉన్నవాడు అవి వాడకూడదని నియమం పెట్టండి. లాడం మేకుకు మొన దగ్గర ఒక వైపు వాలు ఉంటుంది. ఆ వాలు లోపలి వైపు ఉంచి కొడితే మేకు బయటికి వంగుతూ గోడలోంచి వస్తుంది. గుండ్రటి మేకుకు ఆ గుణం లేదు, ఎటు తోస్తే అటు పోతుంది, గోడను చీలుస్తుంది. యంత్రం మేకులకు తల మీద ఒక వైపు గుర్తు ఉంటుంది. గుర్తున్న వైపు లోపలికి ఉండాలని కొత్తవాళ్ళకు మొదటిరోజే చెప్పాలి. తిప్పి కొట్టిన మేకు మాంసంలోకి దారి పడుతుంది.

ఆర్డరుతో పాటు ఒక అయస్కాంతం కూడా అందరికీ ఇప్పించండి. విజయవాడ ఆటోనగర్ పాత సామాన్లలో స్పీకర్ అయస్కాంతాలు దొరుకుతాయి. కర్రకు కట్టి నేల మీద తిప్పితే సరి. పశువు గడ్డిని నమలకుండా మింగేస్తుంది. దొడ్లో పడ్డ మేకు గడ్డితో కలిసి రెండో కడుపులో చేరి, అక్కడినుంచి గుండె వైపు గుచ్చుకుంటుంది. అలా పోయిన పశువుకు లాడం బాగా కుదిరిందా లేదా అన్నది ఎవరికి కావాలి? తీసిన పాత మేకులు, వాడిన కొత్తవి, మిగిలినవి లెక్క సరిపోయాకే మోకు చుట్టాలి.

రేట్లు

రేటు కట్టేయడమే సంఘం పని అని అందరూ అనుకుంటారు. కాంపిటీషన్ చట్టం, 2002 మూడో సెక్షన్ ప్రకారం పోటీదారులు కలిసి ధర నిర్ణయించుకోవడం నిషేధం. వ్యాపార సంఘాలకు కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసిన సందర్భాలూ ఉన్నాయి. "ఇంతకు తక్కువ కొట్టినవాడికి జరిమానా" అని తీర్మానం రాసి, దాని ఫొటో వాట్సాప్‌లో పెట్టడమంటే సాక్ష్యం మీరే తయారుచేసి ఇవ్వడం.

దాని బదులు ఖర్చుల పట్టీ నేర్పండి. లాడాలు, మేకులు, సహాయకుడి కూలి, పెట్రోలు, పనిముట్ల అరుగుదల, పది రోజుల్లో ఊడితే తిరిగి కొట్టే ఖర్చు. ప్రతివాడూ తన అంకెలు తనే వేసుకుంటే తక్కువకు కొట్టేవాడికి తను చేతినుంచి ఎంత పెడుతున్నాడో కనపడుతుంది. రేట్లు కొట్టుకుపోవడానికి కారణం చాలాసార్లు పోటీ కాదు, పెట్రోలు లెక్కలో వేసుకోకపోవడం. ఒకే ఊళ్ళో నాలుగు జతలు ఒకేరోజు కుదిరేలా రైతులకు ముందే ఫోను చేయడం నేర్పితే రేటు పెంచకుండానే మిగులుతుంది.

పని పరీక్ష, కార్డు

బ్రిటన్‌లో 1975 చట్టం తర్వాత నమోదు కాకుండా గుర్రానికి లాడం కొట్టడం నేరం. అమెరికాలో 1971లో ఏర్పడిన సంఘం స్వచ్ఛందంగానే రాతపరీక్ష, లాడం తయారీ, గుర్రం మీద పని చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. మనకు రెండో దారి దగ్గర. మన దేశంలోనూ 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద లాడాలు కొట్టేవారి లైసెన్సు నియమాలు 1965లో వచ్చాయి. ఇవి ఉన్నాయని పనివాళ్ళకే తెలియదు. కార్పొరేషన్‌కు, పంచాయతీకి సంఘం తరఫున లేఖ రాసి, లైసెన్సు ఎవరు ఇస్తారో అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో చెప్పాలి. ఆ జవాబు నకలు ప్రతి సభ్యుడి దగ్గర ఉండాలి, రేపు ఎవరైనా ఆపి అడిగితే చూపడానికి.

ఎడ్లకు, గుర్రాలకు పరీక్ష వేరు, కార్డు వేరు. ఎద్దును పడేసి కొడతారు, గుర్రాన్ని నిలబెట్టి కొడతారు. గుర్రానికి కాలికి ఒకే లాడం, ఆరు నుంచి ఎనిమిది మేకులు, ఆరేడు వారాలకోసారి మార్పు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు.

ఎడ్ల పరీక్ష నూరు మార్కులకు ఇలా పెట్టవచ్చు: పడేసి కట్టడం 20, డెక్క చెక్కడం 25, లాడం కూర్చడం 15, మేకులు 25, లేపాక నడిపించి చూడడం, నోటి ప్రశ్నలు కలిపి 15. అరవై వస్తే కార్డు. కానీ రక్తం వచ్చినా, మేకుల లెక్క తప్పినా, లేచిన పశువును నడిపించి చూడకుండా వదిలినా మార్కులతో పనిలేదు, మళ్ళీ రావాలి.

పరీక్షకులు చూడాల్సినవి. పశువు ఉదయాన్నే, మేత పెట్టకముందు, నీళ్ళు తాగించకముందు ఉండాలి. కడుపు నిండిన ఎద్దును పడేస్తే ఉబ్బుతుంది. ఎడమ డొక్క బిగుసుకుంటుంటే లాడం ఎన్నోదైనా సరే కట్లు వదిలి లేపాలి. నేల ఇసుకో, గడ్డి పరిచిన మట్టో అయ్యుండాలి. మోకు నూలుదో జనుపదో అయితే మంచిది, నైలాన్ తాడు చర్మాన్ని కాలుస్తుంది. చెక్కేటప్పుడు అరికాలు బొటనవేలితో నొక్కితే లొంగిందంటే ఎక్కువ తీశాడని అర్థం. లాడాన్ని డెక్కకు సరిపోయేలా వంచాలే తప్ప, లాడానికి సరిపోయేలా డెక్కను అరగదీయకూడదు. మేకులన్నీ బయటి అంచునే, గోడ, అరికాలు కలిసేచోట ఉండే తెల్ల గీతకు ఇవతలే. రెండు వేళ్ళ మధ్యనున్న గోడ పలచన, అటు ఒక్కటీ కొట్టకూడదు. సుత్తి దెబ్బకు గట్టి శబ్దం వస్తూ ఉండగా ఒక్కసారిగా మెత్తబడితే మేకు మాంసం వైపు పోతోందని గుర్తు. ఆపి వెనక్కి లాగేవాడికి మార్కులు ఇవ్వండి, తొందరగా ముగించినవాడికి కాదు.

పరీక్షకులు ముగ్గురు: ఇద్దరు పెద్ద పనివాళ్ళు, ఒక పశువైద్యుడు. పనివాళ్ళలో ఒకరు తప్పకుండా అవతలి జిల్లావారు కావాలి, లేకపోతే శిష్యుడికి గురువే మార్కులు వేసినట్టవుతుంది. వైద్యుడి కోసం గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల శస్త్రచికిత్స విభాగానికి నెలన్నర ముందు లేఖ ఇవ్వండి. పరీక్షతో పాటు సగం రోజు డెక్క నిర్మాణం మీద పాఠం కూడా అడగండి. కోసి చూపిన డెక్కను ఒక్కసారి చూస్తే తెల్ల గీత ఎక్కడుందో పాతికేళ్ళ పనివాడికీ కొత్తగా అర్థమవుతుంది. ఒంగోలు జాతి పశువుల విషయంలో గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం ఉంది. పాఠం చెప్పేవారు వస్తే పెట్రోలు, భోజనం సంఘం చూసుకోవాలి. శాలువా లేకపోయినా ఫర్వాలేదు.

కార్డు మీద ఫొటో, ఎడ్లు లేదా గుర్రాలు అనే మాట, చెల్లే తేదీ ఉండాలి. మూడేళ్ళకోసారి కొత్తది. వెనుక వైపు 1965 నాటి బరువులాగే పశువుల నియమాలు రెండు ముక్కల్లో అచ్చు వేయండి: రోజుకు తొమ్మిది గంటలకు, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. మన వేసవిలో ఆ చివరి నియమం దాదాపు రోజూ వర్తిస్తుంది. ఎద్దును పడేయడానికీ ఆ వేళ పనికిరాదు.

కుంటింది అన్నప్పుడు

ఫిర్యాదు ఫోను రాగానే కార్యదర్శి అడగాల్సింది ఎవరి తప్పని కాదు. ఎప్పుడు కొట్టారు, కుంటు ఎప్పుడు మొదలైంది, ఏ కాలు, ఏ వేలు, ఎక్కడ పడేశారు. మాంసానికి నేరుగా తగిలిన మేకైతే లేచిన వెంటనే కుంటుతుంది. దగ్గరగా పోయి ఒత్తుతున్న మేకు రెండు మూడు రోజులకు, చీము పట్టాక బయటపడుతుంది. డెక్క వేడిగా ఉండి, సుత్తితో మెల్లగా తడితే కాలు లాక్కుంటుంది. అలా కాకుండా లేచీ లేవగానే ముందుకాలు ఈడ్చుతూ, ముందుకు వేయలేకపోతే రాతి మీద పడుకోబెట్టినప్పుడు భుజం దగ్గర నరం నలిగి ఉండవచ్చు. అది మేకు తప్పు కాదు, నేల తప్పు. దానికీ పనివాడే జవాబుదారీ అనుకోండి, కాకపోతే వైద్యం వేరు.

ఒక్క రోజులోపు ఇద్దరు పెద్దలు వెళ్ళాలి, కొట్టినవాడు వాళ్ళతో ఉండాలి. మేకులు ఒక్కొక్కటే తీసి, ఏ మేకు తడిగా, నల్లగా, వాసనతో వచ్చిందో చూడాలి. ఆ రంధ్రంలో అయోడిన్ వేసి, లాడం వేయకుండా వదిలి, పశువైద్యుడికి చూపించాలి. గుర్రమైతే ధనుర్వాతం సంగతి వైద్యుడికి తప్పక గుర్తుచేయాలి, దానికి గుర్రం ఎద్దుకన్నా త్వరగా లొంగుతుంది. మేకు తప్పని తేలితే లాడాల డబ్బు వాపసు, వైద్యం ఖర్చులో ఒక వంతు సంఘం నిధి నుంచి, మిగిలింది సభ్యుడు. నిధి వంతుకు పరిమితి ముందే రాసుకోండి. రైతు ముందు సభ్యుణ్ణి తిట్టొద్దు, సమర్థించొద్దు. చూసింది కాగితం మీద రాసి ముగ్గురి సంతకాలు తీసుకోండి. ఏడాదికి రెండు తప్పులు తేలిన సభ్యుడు మళ్ళీ పరీక్షకు రావాలి.

పని మొదలుపెట్టకముందు నాలుగు డెక్కల ఫొటోలు, అయ్యాక నాలుగు ఫొటోలు తీసుకునే అలవాటు చేయిస్తే సగం ఫిర్యాదులు ఫోనులోనే తేలిపోతాయి.

రోగాలు, బీమా, పథకాలు

గాలికుంటు ఉన్న ఊళ్ళో లాడాలు కొట్టకూడదు. పుండ్లున్న డెక్కకు ఎలాగూ కొట్టరు గానీ, మోకు, పనిముట్లు, చెప్పులు రోగాన్ని పక్క ఊరికి మోస్తాయి. లీటరు నీళ్ళకు 40 గ్రాముల చాకలి సోడా కలిపి కడగాలి. వాట్సాప్‌లో ఊరి పేరు పెడితే ఎవరూ అటు వెళ్ళరు. వాయిస్ మెసేజ్ వద్దు, రాసి పెట్టమనండి, వెతికితే దొరుకుతుంది. గుర్రం ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గడ్డలు కనిపిస్తే ముట్టుకోకండి. గ్లాండర్స్ అయితే మనుషులకూ వస్తుంది, ప్రాణాంతకం. వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

మనుషుల కోసం: ధనుర్వాతం టీకా పదేళ్ళకోసారి, మురికి గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాద మరణానికి 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ళవారికి. డబ్బు ఖాతా నుంచి మే నెలాఖరులో పోతుంది. అప్పుడు ఖాతాలో 20 రూపాయలు లేక బీమా ఆగినవాళ్ళు ఉంటారు, కాబట్టి మే 20 కల్లా కోశాధికారి ఒక్కొక్కరికీ ఫోను చేయాలి. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదు ఉచితం.

2023 సెప్టెంబరు 17న మొదలైన చేతివృత్తుల కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. లాడాలు కొట్టడం విడిగా లేదు, కమ్మరం ఉంది. సొంతంగా కొలిమి పెట్టి లాడాలు కాల్చి కొట్టే సభ్యులు కమ్మరులుగా దరఖాస్తు చేయవచ్చు. రెడీమేడ్ లాడాలు మాత్రమే బిగించేవాళ్ళ చేత అలా రాయించొద్దు, పంచాయతీ పరిశీలనలో తేలిపోతుంది, అసలు కమ్మరుల దరఖాస్తుల మీదా అనుమానం పడుతుంది. ఎంపికైతే ప్రాథమిక శిక్షణలో రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000 వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. కుటుంబానికి ఒక్కరికే.

ఎప్పుడు కూర్చోవాలి

పని క్యాలెండరు చూసి పెట్టండి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, ఆ తర్వాత కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళ దాకా ఎవరూ రారు. మాఘం నుంచి వేసవి దాకా ముహూర్తాలున్న రోజుల్లో గుర్రాలవాళ్ళు దొరకరు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, వర్షాలు పడ్డాక దమ్ము బురదలో దిగే ఎడ్లకు లాడాల అవసరమూ తక్కువ. మార్చి 31తో లెక్కలు ముగించి, మే, జూన్‌లలో ఆడిట్ చేయించుకుంటే సర్వసభ్య సమావేశం ఆషాఢంలో సరిగ్గా కుదురుతుంది. రోజు అమావాస్య అయితే ఇంకా మంచిది, చాలా పల్లెల్లో ఆ రోజు అరక కట్టరు. శుక్రవారం పడితే నమాజు వేళ దాటాక మొదలుపెట్టండి.

మిగతా మూడు సమావేశాలు చిన్నవి, ఒకటి గుంటూరులో, ఒకటి తెనాలిలో, ఒకటి నరసరావుపేటలో. పని పరీక్ష దసరాకు ముందే అయిపోవాలి, సీజను మొదలయ్యేసరికి కార్డు చేతిలో ఉండాలి. నవరాత్రుల్లో మాత్రం బెజవాడలో ఏమీ పెట్టకండి. ఇంద్రకీలాద్రి జనంలో ఎద్దును తెచ్చే దారి ఉండదు, మనిషికి గది దొరకదు.

ప్రతి సమావేశం పొద్దున పదికి మేకుల పంపిణీతో మొదలుపెట్టండి, ఉపన్యాసాలతో కాదు. పదకొండుకు వస్తే సరుకు దొరకదని తెలిస్తే జనం తొమ్మిదిన్నరకే ఉంటారు. లెక్కలు చదవడం ఆ వెంటనే, భోజనం మాత్రం తీర్మానాల మీద సంతకాలు అయ్యాకే.